ముప్పై ఏడు రూపాయలు

వైశాఖం. వేట నిషేధం.
పెద జాలారిపేట ఇసుకలో
పడవలు బోర్లా పడుకున్నాయి.
నా చేతిలో నాలుగు కాగితాలు, వేలిముద్రల మిషను,
మూత పోయిన నీళ్ళ సీసా.

మొన్న ఆఫీసు నుంచి
ఈ పేటలో ప్రతి ఖాతాకీ ఒక్కో రూపాయి పంపాం.
తుపాను రోజున పంపే డబ్బు దారి తప్పకుండా
ముందే ఆ దారిన ఓ పసిదాన్ని
నడిపించి చూసినట్టు.
నాలుగొందల పన్నెండు బయల్దేరాయి.
ముప్పై ఏడు, ఏడుపు మొహాలతో వెనక్కొచ్చాయి.
ఏ గుమ్మం తలుపు తియ్యలేదో
కనుక్కురమ్మని నన్ను పంపారు.

"ఒక్క రూపాయి కోసం
ఇంతెండలో వొచ్చినావేటమ్మా?"
గనగళ్ళ కాసులమ్మ, కత్తిపీట ముందు.
తెప్ప మీద దొరికిన గుప్పెడు కవ్వళ్ళు.
నలభై ఏళ్ళు చేపలు కోసిన బొటనవేలు
మిషను మీద పెడితే ఎర్ర దీపం.
తుడిచి పెడితే ఎర్ర దీపం.
కొబ్బరినూనె రాసి పెట్టినా అదే.
గీతలన్నీ పొలుసులతో పాటు రాలిపోయాయి.
"ఈ ఏలు నాదో కాదో
ఆ సేపల్నడుగు" అంది.

నవ్వాను.
నవ్వి, రిమార్కుల గడిలో రాయబోతే
గడి చిన్నది.
కాసులమ్మ పట్టలేదు.

సూరాడ ఎర్రయ్య వెరావల్ బోటు మీద ఉన్నాడు.
ఖాతా ఇక్కడ, మనిషి అక్కడ,
ఆకలి ఈ ఇంట్లో, ముగ్గురు పిల్లలతో.
పెళ్ళాం లక్కమ్మకి ఖాతా లేదు.
ఫోనుందా అంటే
"ఉన్నాది, సముద్రంలో."

హుద్‌హుద్ ఏడాది నాది తొమ్మిదో తరగతి.
మూడో రోజున మా వీధిలో
కూలిన చెట్టు మొద్దు మీద కాగితాలు పెట్టి
అప్పుడు రాస్తున్నారు జాబితా.
గాలింకా పూర్తిగా పోలేదు.
రాసినవి రాసినట్టే ఎగిరిపోతుంటే
గుమాస్తా వెంటబడి పరిగెత్తేవాడు.
మా అమ్మని మూడు వరసలు తిప్పి
నీ పేరు లేదమ్మా అన్నారు.
ఆ రోజు బురదలో పడ్డ కాగితం
మాదో, మరొకరిదో.
ఇప్పటికీ ఫ్యాను గాలికి ఏ కాగితం లేచినా
చెయ్యి దానంతటదే వెళ్ళి నొక్కిపెడుతుంది.

కొండవాలున రేకుల గదిలో
కొరాపుట్ నుంచి వచ్చిన దంపతులు,
ఇనప ముక్కలు ఏరి అమ్ముకుంటారు.
వాళ్ళు నా ముప్పై ఏడులో లేరు.
నాలుగొందల పన్నెండులోనూ లేరు.
రూపాయి వెనక్కి రావాలన్నా
ముందు పేరంటూ ఉండాలి కదా.
వాళ్ళ గుంట నా పెన్ను లాక్కుని
అరచేతిలో పిచ్చి గీతలు గీసుకుంది.
తిరిగి తీసుకుని, కాగితం వెనకపక్క
నాలుగొందల పదమూడు అని వేశాను.
వెనకపక్క రాసినవి
పైవాళ్ళు చూస్తారో లేదో.
చూసేదాకా తిప్పి చూపిస్తాను.

ఒడ్డున మగవాళ్ళు వల బాగుచేస్తున్నారు.
ముసలి దానయ్య కాలి బొటనవేలికి తాడు తగిలించి
కన్నూ కన్నూ కలుపుతున్నాడు.
నీళ్ళు అడిగి తాగి, కాసేపు కూర్చున్నాను.
"సిరిగిన కన్ను నీటిలో అవుపడదమ్మా.
ఒడ్డు మీదుండగానే సూసుకోవాల."
నన్నేమీ అడగలేదు.
నా కాగితాల వైపు చూడనైనా లేదు.

చీకటి పడే వేళకి
ముప్పై నాలుగు రూపాయలకి దారి దొరికింది.
మూడింటికి దొరకలేదు.
ఒక ఇంటికి తాళం, తాళానికి తుప్పు.
పక్కింటివాళ్ళకి ఆమె పేరు గుర్తు లేదు,
దగ్గు గుర్తుంది.

డాల్ఫిన్ నోస్ మీద ఆకాశం
కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది.
సముద్రం, ఏమీ ఎరగనట్టు.
ఒక్క మబ్బు తునక లేదు.

అందుకే,
రేపు ఇంకా బేగి రావాలి.